వీధి సమస్యపై అర్జీ: ఎవరికి రాయాలి, ఎలా రాయాలి, బదులు రాకపోతే ఏం చేయాలి

సోమవారం పొద్దున ఏ కలెక్టరేట్‌కు వెళ్లినా అర్జీలు పట్టుకున్న జనం వరుస కట్టి ఉంటారు. తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అంటున్నారు. అంతకుముందు స్పందన, ఇంకా ముందు మీకోసం. పాతతరం వాళ్లకు మాత్రం అది ఎప్పుడూ గ్రీవెన్స్ డేనే. పేరేదైనా కాగితం నడిచే దారి మారలేదు. కలెక్టర్ దాని మీద ఒక మాట రాస్తారు, అది కమిషనర్‌కు వెళ్తుంది, అక్కణ్నుంచి అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ)కో శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కో చేరుతుంది. చివరికి ఆ కాగితం పట్టుకుని మీ వీధిలోకి వచ్చేది ఆ ఆఖరి మనిషే. మనవాళ్లు కలెక్టర్ మనసు కరిగేలా రాస్తారు గాని, ఏఈకి చోటు దొరికేలా రాయరు. సగం అర్జీలు అక్కడే ఆగిపోతాయి.

కాలువలు, దీపాలు, చెత్త... ఇవి మన హక్కులా, వాళ్ల దయా?

స్థానిక సంస్థలకు చట్టం అప్పగించిన పనులివి. 1993లో అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పన్నెండో షెడ్యూలులో పట్టణ సంస్థల కోసం 18 అంశాలున్నాయి: నీటి సరఫరా, పారిశుధ్యం, రోడ్లు, వీధి దీపాలు వగైరా. పల్లెలకు 73వ సవరణ, పదకొండో షెడ్యూలు ఉన్నాయి. వాటి మీద రాష్ట్ర చట్టాలు. ఆంధ్రప్రదేశ్‌లో 1965 మున్సిపాలిటీల చట్టం, 1994 పంచాయతీరాజ్ చట్టం. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపాలిటీల చట్టం. హైదరాబాద్‌కు ప్రత్యేకంగా 1955 నాటి కార్పొరేషన్ చట్టం. అర్జీలో ఈ సెక్షన్లన్నీ కుక్కాల్సిన పనిలేదు. ‘పాదాభివందనాలతో ప్రార్థిస్తున్నాను’ అని రాయాల్సిన పని అంతకన్నా లేదు. ‘కోరుతున్నాను’ అంటే చాలు.

మేం అద్దెకుంటున్నాం. ఇంటి పన్ను రసీదు లేదు. అర్జీ తీసుకుంటారా?

తీసుకోవాలి. కాలువ పొంగితే ఓనరు గడపా అద్దెదారు గడపా అని చూసి పారదు. అర్జీకి కావాల్సింది పేరు, చిరునామా, ఫోన్ నంబరు.

ఎవరికి రాయాలి? ప్రతి ఆఫీసులోనూ ‘మాది కాదు’ అంటున్నారు.

చాలాసార్లు వాళ్లు చెప్పేది నిజమే. అర్జీ పెట్టేముందు ఆ పని ఎవరి కిందకు వస్తుందో కనుక్కోవడంలో ఓ పూట పోయినా నష్టం లేదు.

వీధి దీపమే తీసుకోండి. స్తంభం కరెంటోళ్లది, దాని మీద దీపం మున్సిపాలిటీది లేదా పంచాయతీది. దీపం వెలగకపోతే స్థానిక సంస్థకు చెప్పాలి. స్తంభం ఒరిగినా, తీగ వేలాడినా 1912కు ఫోన్ చేయాలి. హైదరాబాద్‌లో వానకాలువ కార్పొరేషన్‌ది, మురుగు పైపు జలమండలిది. మ్యాన్‌హోల్ పొంగుతోందని కార్పొరేషన్‌కు రాస్తే ఆ కాగితం అటూ ఇటూ తిరిగేలోగా వానాకాలం అయిపోతుంది. మ్యాన్‌హోల్‌కు జలమండలి 155313, చెత్తకూ గుంతలకూ కార్పొరేషన్ 040-21111111. ఊరి మధ్యనుంచి పోయే రోడ్డు ఆర్ అండ్ బీ వాళ్లది కావచ్చు, జాతీయ రహదారి కావచ్చు. జాతీయ రహదారి మీద గుంతకు 1033 ఉంది. చెరువు, వాగు గట్టు మీద ఆక్రమణ అయితే రెవెన్యూ, నీటిపారుదల శాఖలు చూడాలి.

పల్లెలో అయితే మొదట పంచాయతీ కార్యదర్శి, ఆ పైన ఎంపీడీవో, డివిజనల్ పంచాయతీ అధికారి, జిల్లా పంచాయతీ అధికారి. పట్టణంలో కమిషనర్ పేరునే రాయండి, ఒక ప్రతి సంబంధిత ఏఈకి ఇవ్వండి. ఆంధ్రప్రదేశ్‌లో అయితే వార్డు సచివాలయంలో పారిశుధ్యానికి ఒకరు, సౌకర్యాలకు ఒకరు, ప్లానింగ్‌కు ఒకరు కార్యదర్శులున్నారు. చిన్న పనులు అక్కడే తేలిపోతాయి.

కౌన్సిలరుకో కార్పొరేటరుకో ఓ మాట చెప్పడం మంచిదే. కానీ మాట వేరు, అర్జీ వేరు. ‘మన వార్డు మెంబరు చూసుకుంటానన్నాడు’ అనేది ఏ రికార్డులోనూ ఉండదు.

ఒక్క హెచ్చరిక. ముఖ్యమంత్రి నుంచి కమిషనర్ దాకా పదిమందికి ఒకే అర్జీ ప్రతులు పంపి, అడుగున ఆ జాబితా చూపించే అలవాటు కొందరికుంది. అది చూసిన ప్రతివాళ్లూ మిగతా తొమ్మిదిమందిలో ఎవరో ఒకరు చూస్తారనుకుంటారు.

ఎలా రాయాలి? ఒక నమూనా చూపించండి.

మొదట సాధారణంగా వచ్చేది చూద్దాం:

‘మా కాలనీలో డ్రైనేజీ సమస్య తీవ్రంగా ఉంది. దుర్వాసన వెదజల్లుతోంది. ప్రజలు నానా ఇబ్బందులు పడుతున్నారు. ఎన్నిసార్లు విన్నవించినా అధికారులు నిమ్మకు నీరెత్తినట్టు వ్యవహరిస్తున్నారు. అలాగే కుక్కల బెడద, దోమల బెడద, రోడ్ల దుస్థితి కూడా ఉంది. తక్షణమే తగు చర్యలు తీసుకోగలరు.’

ఇది పేపర్లో జిల్లా పేజీ వార్తలా ఉంది. ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, కానీ చేయగల పని కూడా ఒక్కటీ లేదు. ఏ వీధి? ఏ కాలువ? ఏం చేయాలి? పైగా నాలుగు సమస్యలు నాలుగు విభాగాలవి. ఇంజినీరింగ్ వాళ్లు రోడ్డు సంగతి రాసి ఫైలు మూసేస్తే, కుక్కలూ దోమలూ ఆ ఫైలుతోనే మూతపడతాయి. ఒక అర్జీకి ఒక సమస్య. నాలుగుంటే నాలుగు కాగితాలు.

ఇప్పుడు ఇది చూడండి. ఊరు, వీధి కల్పించినవే:

‘విషయం: 3వ వార్డు పాత పోస్టాఫీసు వీధిలో మురుగు కాలువ శ్లాబు విరిగిపోవడం గురించి.

పాత పోస్టాఫీసు వీధిలో అంగన్‌వాడీ కేంద్రం గేటుకు ఎడమపక్క, 47వ నంబరు కరెంటు స్తంభం దగ్గర, కాలువ మీది శ్లాబు జూన్ 9న ఇసుక లారీ ఎక్కి విరిగిపోయింది. సుమారు నాలుగడుగుల పొడవున కాలువ తెరుచుకుని ఉంది. లోతు మూడడుగులు. అంగన్‌వాడీ పిల్లలు లోపలికి వెళ్లే దారి దాని అంచునే. జూన్ 14 రాత్రి వానలో సైకిలు మీద వస్తున్న ఒకాయన అందులో పడి గాయపడ్డారు. జూన్ 11న వార్డు సచివాలయంలో నోటిమాటగా చెప్పాం.

కోరేవి: 1. కొత్త శ్లాబు వేసేదాకా వెంటనే అక్కడ బారికేడు పెట్టించాలి. 2. కొత్త శ్లాబు వేయించాలి. ఎప్పటిలోగా వేస్తారో రాతపూర్వకంగా తెలపాలి.

జతపరిచినవి: ఫోటోలు రెండు.’

ఇందులో కరెంటు స్తంభం నంబరు చూశారా? మన వీధుల్లో ఇంటి నంబర్లు వరసగా ఉండవు, ‘రాములవారి గుడి ఎదురుగా’ అంటే ఊళ్లో మూడు గుళ్లుంటాయి. స్తంభం మీద పెయింటుతో రాసిన నంబరు మాత్రం చాలాచోట్ల పనికొస్తుంది. పొడవు, లోతు రాయడానికీ కారణముంది. చిన్న పనికైనా ఏఈ వచ్చి చూసి, కొలిచి, అంచనా వేయాలి; దానికి మంజూరు రావాలి; ఆ తర్వాతే పని. మీరు రాసిన కొలత ఆయన అంచనాకు మొదటి అంకె. మంజూరు ఆలస్యమవుతుందని మీకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అందుకే ఇవాళ చేయగలిగేది వేరుగా, సమయం పట్టేది వేరుగా అడగాలి. బారికేడుకు ఎవరి మంజూరూ అక్కర్లేదు.

కోపం రాయొద్దా అంటే, మీ ఇష్టం. కానీ ‘అధికారులు కాంట్రాక్టరు దగ్గర డబ్బులు తిన్నారు’ అని ఇదే కాగితంలో రాస్తే శ్లాబు సంగతి పక్కకుపోయి విచారణ సంగతి మొదలవుతుంది. ఆధారం లేకపోతే మీ మెడకే చుట్టుకుంటుంది. ఆధారం ఉంటే ఏసీబీకి వేరే రాయండి.

తెలుగులో రాయొచ్చా? ఇంగ్లిష్‌లో అయితేనే పట్టించుకుంటారట.

తెలుగు రెండు రాష్ట్రాల్లోనూ అధికార భాషే. 1966 అధికార భాషా చట్టం నాటి నుంచీ ఉన్న హక్కు ఇది. మీ వీధికి వచ్చే జవాను, మేస్త్రీ చదవగలిగే భాష కూడా అదే.

ఫోటోలు ఎలా తీయాలి?

రెండు చాలు. ఒకటి దూరం నుంచి, పక్కనున్న షాపు బోర్డో గేటో కనబడేలా. ఇంకొకటి దగ్గర్నుంచి, స్కేలో చీపురుకట్టో పక్కన పెట్టి లోతు తెలిసేలా. తేదీ, లొకేషన్ పడే కెమెరా యాప్ అయితే ఇంకా మేలు. రేపు ‘అది మా పరిధి కాదు’ అంటే చూపించడానికి ఉంటుంది.

ఫోన్, యాప్, కాగితం... ఏది మేలు?

ఒక్కసారి వచ్చి చేసిపోయే పనికి, అంటే చెత్తకుప్ప ఎత్తడం, దీపం మార్చడం, చచ్చిన పశువును తీయడం లాంటివాటికి ఫోనూ యాపూ సరిపోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1100 ఉంది, మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009 ఉంది. డబ్బు మంజూరు కావాల్సిన పనికీ, నలుగురితో తగాదా ఉన్న పనికీ కాగితమే నయం. ఫైలు పుట్టేది కాగితంతోనే. రెండూ చేసినా తప్పులేదు, కానీ కాగితంలో యాప్ నంబరు, తేదీ రాయండి.

‘పెట్టి వెళ్లండి, చూస్తాం’ అంటున్నారు. రసీదు ఇవ్వడం లేదు.

రెండు ప్రతులు పట్టుకెళ్లండి. ప్రతి ఆఫీసులోనూ తపాలు తీసుకునే సీటు ఒకటుంటుంది. అక్కడ మొదటి ప్రతి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ, ఇన్‌వార్డు నంబరు వేయించుకోవాలి. నేరుగా కమిషనర్ చేతికిచ్చిన అర్జీ గౌరవంగానే ఉంటుంది, కానీ దానికి నంబరు పడకపోతే రేపు ఎక్కడని వెతుకుతారు? కమిషనర్‌ను కలిసినా, బయటికొచ్చి తపాలులో ఇవ్వండి.

అసలే తీసుకోమంటే పోస్టులో పంపండి. ఒకప్పుడు ‘రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంట్‌తో’ అనేవాళ్లం. 2025లో రిజిస్టర్డ్ పోస్టును తపాలా శాఖ స్పీడ్ పోస్టులో కలిపేసింది. కాబట్టి కౌంటర్లో స్పీడ్ పోస్టు అడిగి, అందినట్టు రుజువు కూడా కావాలని చెప్పండి. ఆ రసీదు అర్జీ ప్రతికి పిన్ చేసి పెట్టుకోండి.

‘మీ ఫిర్యాదు పరిష్కరించబడింది’ అని మెసేజ్ వచ్చింది. గుంత గుంతలాగే ఉంది.

ఇది అందరికీ ఎదురయ్యేదే, అన్నిటికన్నా ఒళ్లు మండించేదీ ఇదే. అయినా దీనికో లెక్క ఉంది. పెండింగ్ సంఖ్య తగ్గించమని పైనుంచి వారం వారం సమీక్షలుంటాయి. ఫిర్యాదును వేరే విభాగానికి పంపినా, ‘అంచనాలు తయారు చేస్తున్నాం’ అని రాసినా, కొన్నిచోట్ల దాన్ని మూసినట్టే లెక్క.

మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసుకోండి. అదేరోజు గుంత ఫోటో మళ్లీ తీయండి. ఏ కారణం చెప్పి మూశారో ఎండార్స్‌మెంట్ అడగండి. రాతపూర్వకంగా ఇచ్చిన జవాబునే అలా అంటారు. పీజీఆర్‌ఎస్‌లో అర్జీని తిరిగి తెరిపించుకునే వీలుంది. కొత్తగా ఇంకో ఫిర్యాదు పెట్టకండి. పాత నంబరునే తెరిపించండి. కొత్తది పెడితే మీ రెండు నెలల ఎదురుచూపు లెక్కలోంచి పోయి, మళ్లీ ఒకటో రోజు మొదలవుతుంది.

ఎన్నాళ్లు ఆగి పైకి వెళ్లాలి?

ప్రాణానికి ముప్పున్న వాటికి, అంటే తెరుచుకున్న మ్యాన్‌హోల్, తెగిన తీగలాంటి వాటికి ఆగడమనే మాటే లేదు, అదేరోజు ఫోన్. చెత్త, దీపాలకు వారం. నిర్మాణం పనులకు నెల. నెల దాటితే పాత అర్జీ ప్రతి జతచేసి కమిషనర్‌కు ఒక గుర్తుచేసే ఉత్తరం, దానికీ జవాబు రాకపోతే సోమవారం కలెక్టరేట్. తెలంగాణలో జిల్లాల్లో స్థానిక సంస్థల అదనపు కలెక్టర్ ఉన్నారు. ఆయన పేరున ఇస్తే ఒక మెట్టు తగ్గుతుంది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో ప్రజావాణి ఉంటుంది గాని, కింద ఏమీ చేయకుండా అక్కడికి వెళ్తే ఆ కాగితం తిరిగి మీ మున్సిపాలిటీకే వస్తుంది.

సమాచార హక్కు దరఖాస్తు వేస్తే పని అవుతుందా?

దరఖాస్తు కాలువ తీయదు. కానీ ఫైలు ఎక్కడ పడుకుందో చెబుతుంది, చాలాసార్లు ఆ భయానికే ఫైలు లేస్తుంది. ఇక్కడ ప్రశ్న అడిగే తీరులోనే అంతా ఉంది. ‘మా అర్జీపై ఎందుకు చర్య తీసుకోలేదు?’ అని అడిగితే ‘ఎందుకు’ అనేది సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. రికార్డు అడగండి: ఫలానా ఇన్‌వార్డు నంబరు అర్జీ ఏ తేదీన ఏ అధికారికి వెళ్లింది, దాని మీద రాసిన నోట్ ఫైలు ప్రతి, తయారైన అంచనా ప్రతి. రోడ్డు వేసిన ఆరు నెలలకే లేచిపోయిందనుకోండి. ఎం-బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) ప్రతి, కాంట్రాక్టు ఒప్పందంలో లోపాలు సరిచేయాల్సిన గడువు ఎంతవరకు ఉందో ఆ పేజీ ప్రతి అడగండి. గడువు లోపల ఉంటే కాంట్రాక్టరు తన ఖర్చుతోనే బాగుచేయాలి. ఆ రోడ్డు పదార్థం నమూనా తీసుకునే హక్కు కూడా 2005 చట్టం ఇచ్చింది. అది వాడుకునేవాళ్లు తక్కువ.

మన రెండు రాష్ట్రాల నిబంధనల ప్రకారం గ్రామస్థాయి ఆఫీసుల్లో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. తెల్లరేషన్ కార్డు కుటుంబాలకు ఎక్కడా లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే తర్వాతి 30 రోజుల్లో అదే ఆఫీసులోని మొదటి అప్పీలు అధికారికి, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు. కారణం లేకుండా ఆలస్యం చేస్తే రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా, అదీ అధికారి జేబులోంచి.

‘నిధులు లేవు’ అని రాసిచ్చారు. ఇక ఏం చేస్తాం?

ఈ జవాబుకు సుప్రీంకోర్టు 1980లోనే బదులు చెప్పింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వార్డు జనం తెరిచిన మురుగు కాలువలు, వీధిలోనే మలవిసర్జన, దగ్గర్లోని సారా ఫ్యాక్టరీ వ్యర్థాలు భరించలేక మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లారు. కాలువలు కట్టండని ఆయన ఆదేశిస్తే, మున్సిపాలిటీ డబ్బుల్లేవంటూ సుప్రీంకోర్టు దాకా పోరాడింది. జస్టిస్ కృష్ణయ్యర్ రాసిన తీర్పు ఆ వాదనను తోసిపుచ్చింది: చట్టం పెట్టిన బాధ్యత నుంచి ఖాళీ ఖజానా పేరు చెప్పి తప్పించుకోలేరు. ధర్మాసనంలో రెండో న్యాయమూర్తి మన తెలుగువారు, ఒ. చిన్నపరెడ్డి. ‘నిధులు లేవు’ అని రాతలో వస్తే రత్లాం తీర్పును ఒక్క వాక్యంలో గుర్తుచేస్తూ తిరుగు ఉత్తరం రాయండి. ఇది మాత్రం సెక్షన్ల మోజు కాదు, అవసరం.

రత్లాం జనం వాడిన దారి ఇప్పటికీ తెరిచే ఉంది. అప్పటి సీఆర్‌పీసీ 133వ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 152 అయింది. మన దగ్గర ఆర్డీవోకు అర్జీ పెట్టుకోవాలి.

హైకోర్టుకు వెళ్లడం తప్ప ఇంకేం మిగల్లేదా?

మధ్యలో ఒకటుంది, చాలామందికి తెలియదు. జిల్లా కోర్టు ప్రాంగణాల్లో ప్రజోపయోగ సేవల కోసం శాశ్వత లోక్ అదాలత్‌లున్నాయి. నీటి సరఫరా, కరెంటు, పారిశుధ్యం వాటి పరిధిలోవే. కోర్టు ఫీజు లేదు, లాయరు లేకుండానే చెప్పుకోవచ్చు. రాజీ కుదరకపోతే తీర్పు కూడా ఇవ్వగలవు. హైకోర్టులో రిట్ వేస్తే మొదటి ప్రశ్న ‘అధికారులకు అర్జీ పెట్టుకున్నారా, కాపీ ఏది?’ అనే ఉంటుంది. తపాలు ముద్ర పడిన ఆ రెండో ప్రతి విలువ అప్పుడు తెలుస్తుంది.

అందరం సంతకాలు చేస్తే బలమా?

బలమే, సంతకాలు ఆ వీధివైతే. పేరు, ఇంటి నంబరు, ఫోను రాసిన పదిహేను సంతకాలు, ఊరంతా తిరిగి పోగేసిన మూడొందల గీతల కన్నా గట్టివి. విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టర్ ఇద్దరికి ఫోన్ చేసి చూస్తాడు. ‘ఏమోనండీ, సంతకం పెట్టమంటే పెట్టా’ అన్నారంటే అయిపోయింది. మాట్లాడేందుకు ఒకరి నంబరే పైన ఇవ్వండి.

పేరు లేకుండా రాయొచ్చా? పక్కింటివాళ్లు అనుమతి లేకుండా అంతస్తు వేస్తున్నారు. ముఖాముఖాలు చూసుకోవాలి కదా.

ఆకాశరామన్న ఉత్తరాల గతి ఏమిటో మీకు తెలిసిందే. పేరు రాసి, ‘నా వివరాలు బయటపెట్టవద్దు’ అని పైన స్పష్టంగా రాయండి. అదైనా ఇనుప కవచమేమీ కాదు; ఆఫీసులో గోడలకు చెవులుంటాయి. భయం నిజంగా ఉంటే కాలనీ సంఘం పేరున పంపడం మేలు.

రాత్రిళ్లు డీజే మోత. మున్సిపాలిటీకి చెప్పాలా?

పోలీసులకు, 112. శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బహిరంగంగా మైకు పెట్టకూడదు. పండగలకు ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు, అదీ ఏడాదిలో 15 రోజులకు మించకుండా.

కుక్కల్ని పట్టుకుపొమ్మంటే మళ్లీ తెచ్చి వదులుతున్నారు.

2023 జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. కాబట్టి ‘తీసేయండి’ అని అడిగితే పని జరగదు. ‘ఈ వీధిలో చెవి కత్తిరింపు గుర్తు లేని కుక్కలు ఇన్ని ఉన్నాయి, ఆపరేషన్, టీకా చేయించండి’ అని అడగండి. బడి, ఆసుపత్రి, బస్టాండు ఆవరణల విషయం వేరు. అక్కడ పట్టిన వాటిని తిరిగి అక్కడే వదలవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది.

మేం అమెరికాలో ఉన్నాం. ఊళ్లో అమ్మానాన్నల వీధిలో మురుగు. ఇక్కణ్నుంచి ఏం చేయగలం?

యాప్‌లకు చాలావరకు భారత్ మొబైల్ నంబరుకు వచ్చే ఓటీపీ కావాలి. పైగా ఏఈ వచ్చినప్పుడు చోటు చూపించే మనిషి వీధిలో ఉండాలి. ముసాయిదా మీరు తయారుచేసి వాట్సాప్‌లో పంపండి, సంతకం నాన్నగారితో పెట్టించండి. సమాచార హక్కు పౌరులకే. మీరు అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డున్నా ఆ దరఖాస్తు కూడా ఆయన పేరునే వెళ్లాలి.